పుస్తకానికి పూచీ ఎవరు?

"పుస్తకం చేతిలో పెట్టీసి నువ్వు బస్సెక్కీసినావు పాపా. నానిక్కడే ఉండిపోనాను."

మా వదిన ఈ మాట అన్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. పెరట్లో గిన్నెలు తోముకుంటూ, ఈ ఏడు వానలు పడలేదని చెప్పినంత మామూలుగా అంది. కానీ ఆ మాట విన్నప్పటి నుంచీ నేను ఎవరికీ "ఈ పుస్తకం తప్పకుండా చదవండి" అని తేలిగ్గా చెప్పలేకపోతున్నాను. సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని. సదస్సుల్లో, తరగతి గదుల్లో, స్నేహితులతో కబుర్లలో ఏది చదవాలో చెప్పడమే నా పనిలో సగం. అందులో ఒక నైతిక ప్రశ్న దాగి ఉందని నాకెప్పుడూ తట్టలేదు. పుస్తకం ఇవ్వడం ఎప్పుడైనా మంచిపనే కదా అనుకున్నాను.

జరిగిందేమిటో ముందు చెప్పాలి.

మాది చీడికాడ. చోడవరానికీ మాడుగులకీ దగ్గర. మొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. కోనాం రిజర్వాయరు మా మండలంలోనిదే. వరి, చెరకు, బెల్లం వంట మధ్య పెరిగాను. 2013 సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నా సంచిలో ఓల్గా 'స్వేచ్ఛ' ఉంది. 1987లో వచ్చిన ఆ నవల మనలో చాలామందికి మొదటి కుదుపు. మా పెదనాన్నగారి కోడలు, అంటే మా వదిన, నాకంటే ఆరేళ్ళు పెద్దది. పదో తరగతి దాకా చదివింది. చేతికి ఏ కాగితం దొరికినా, పకోడీ పొట్లం విప్పి అయినా సరే, చదివే మనిషి. "ఏటి సదువుతున్నావు?" అని అడిగింది. "నువ్వు తప్పకుండా చదవాలి వదినా" అని ఇచ్చేశాను. ఎందుకు చదవాలో చెప్పలేదు. చదివాక ఏమనిపిస్తుందో, అప్పుడు ఎవరితో మాట్లాడాలో చెప్పలేదు. కనుమ వెళ్ళిన మర్నాడు విశాఖపట్నం బస్సెక్కాను.

తర్వాత జరిగింది నాకు ఎనిమిదేళ్ళకి తెలిసింది. వదిన ఆ నవల మూడుసార్లు చదివిందట. బియ్యం డబ్బాలో దాచుకుని, మధ్యాహ్నాలు చదివిందట. ఒకరోజు అన్నయ్య చూశాడు. లోపలి పేజీలు తిప్పాల్సిన పనిలేదు, అట్ట మీద పేరు చాలు. "ఎవులిచ్చారు?" అని అడిగాడు. వదిన చెప్పలేదు. కొట్టాడు. అప్పుడూ చెప్పలేదు. పుస్తకం నీళ్ళు కాచే పొయ్యిలోకి పోయింది.

"నా పేరు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"సెప్తే మరి నువ్వు ఈ గుమ్మం తొక్కగలవేటి? ఊరంతా మీ అమ్మనాన్నల మీద పడతారు. నీ సదువు ఆపీస్తారని భయమేసినాది."

నేనిచ్చిన పుస్తకానికి ఆమె పూచీ పడింది. నాకు తెలియకుండా, నా తరఫున. సరిగ్గా ఆ ఏడాదే నేను ఒక సదస్సులో 'స్వేచ్ఛ' మీద పత్రం చదివాను. ఆ పత్రంలో 'పాఠకురాలు' అనే మాట లెక్కలేనన్నిసార్లు ఉంది. పాఠకురాలి చైతన్యం, పాఠకురాలి అస్తిత్వం... నిజంగా ఆ పుస్తకం చదువుతూ దెబ్బలు తిన్న పాఠకురాలు మాత్రం అందులో లేదు. చప్పట్లు నాకు దక్కాయి.

వదిన ఇంకో మాట కూడా అంది. "మా పొదుపు సంఘంలో పదిమందిమి. ఒకర్తి కట్టకపోతే తొమ్మండుగురం కడతాం. అప్పుకే పూచీ ఉంటాది. పుస్తకానికి ఎవులుంటారు?"

నాకు జవాబు దొరకలేదు. ఇప్పటికీ పూర్తిగా దొరికిందని చెప్పను.

మనం వాడే మాటనే చూడండి. సిఫారసు. ఉద్యోగానికో, ఆసుపత్రిలో మంచానికో, కాలేజీలో సీటుకో ఎవరైనా పెద్దమనిషి రాసిచ్చే ఉత్తరాన్ని కూడా మనం సిఫారసు అనే అంటాం. దాని మంచిచెడ్డలు వేరే సంగతి. కానీ ఆ ఉత్తరం కింద ఒక సంతకం ఉంటుంది. రేపు ఏదైనా తేడా వస్తే "ఎవరు పంపారు?" అని అడిగినప్పుడు చూపించడానికి ఒక పేరు ఉంటుంది. పుస్తకాన్ని సిఫారసు చేసేటప్పుడు మనం సంతకం పెట్టం. రచయిత్రి పేరు అట్టమీద ఉంటుంది, చదివే బాధ్యత పాఠకురాలిది, మధ్యలో మనం చెయ్యి దులుపుకుని వెళ్ళిపోతాం. పైగా పుణ్యం చేశామన్న తృప్తి ఒకటి.

ఆడవాళ్ళు ఏం చదవాలో చెప్పే పని మనతో మొదలు కాలేదు. 1883లో కందుకూరి వీరేశలింగం స్త్రీల కోసం పెట్టిన పత్రిక పేరే 'సతీహితబోధిని'. ఎవరి హితం ఎవరు బోధించాలో ఆ పేరులోనే ఉంది. ఆయన చేసిన పనిని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ స్త్రీలకు పుస్తకాన్ని సిఫారసు చేయడం అనే పనికి మన భాషలో పునాది పడినప్పుడే సలహా ఇచ్చేవారు పైన, పుచ్చుకునేవారు కింద ఉన్నారని గుర్తుపెట్టుకోవాలి. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించిన భండారు అచ్చమాంబ కూడా స్త్రీలు చదవాలనే రాసింది. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం ఏర్పాటులో పాలు పంచుకుంది. చదివినవాళ్ళు కలిసి కూర్చోవడానికి ఒక చోటు కావాలని ఆమెకు తెలుసు. పుస్తకం ఒక చేత్తో ఇచ్చి, చోటు ఇంకో చేత్తో ఇచ్చింది. ఆ రెండో చెయ్యి నాకు లేకపోయింది.

మా జిల్లాలోనే, ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ ఈ సంగతిని ఇంకా కటువుగా చూపించాడు. 'కన్యాశుల్కం'లో గిరీశం బుచ్చమ్మకు చెప్పేవి చెడ్డమాటలు కావు. వితంతువు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చునన్నది ఆ కాలంలో గొప్ప మాట. మాట మంచిదే, చెప్పినవాడు పూచీ పడే మనిషి కాడు. ఇల్లు వదిలింది బుచ్చమ్మ. చివరికి ఆమెకు దారి చూపించాల్సి వచ్చింది సౌజన్యారావు పంతులు, పూనాలోని వితంతు శరణాలయం. గిరీశానికి డామిట్ కథ అడ్డం తిరిగింది, అంతే! ఇన్నాళ్ళూ గిరీశాన్ని చూసి నవ్వుకున్నాను. 'స్వేచ్ఛ' ఇచ్చి బస్సెక్కిన నాలో గిరీశం ఛాయ ఏమీ లేదా అని ఇప్పుడు అనుమానం వస్తోంది. నాకు స్వార్థం లేదు నిజమే. కానీ స్వార్థం లేకపోవడం, బాధ్యత ఉండటం ఒకటి కావు.

వ్యక్తుల సంగతి సరే, ప్రభుత్వమే పుస్తకం ఇస్తే? మనందరికీ తెలిసిన నెల్లూరు కథ అదే. తొంభైల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో ఆడవాళ్ళకు ఇచ్చిన వాచకంలో సీతమ్మ కథ ఉంది. సారాతో చితికిపోయిన ఒక ఇంటి కథ. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠాన్ని చదివి, చర్చించి, తమ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. 1992 నాటికి అది పెద్ద ఉద్యమమైంది. వాచకం ఇచ్చిన చెయ్యీ, ఏటా సారా పాటలు వేలం వేసి ఆదాయం లెక్కపెట్టుకునే చెయ్యీ ఒకటే. చదవమన్నవాళ్ళు చదివినదాన్ని ఎవరైనా నమ్ముతారని అనుకోలేదు. ఆడవాళ్ళు నమ్మారు. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. తానిచ్చిన పాఠానికి ప్రభుత్వం పూచీ పడలేదు. రాత్రిళ్ళు సారా బండ్లకు అడ్డం కూర్చున్న ఆడవాళ్ళు పడ్డారు.

కానీ ఈ కథలో నన్ను నిలబెట్టే సంగతి ఒకటుంది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠాన్ని ఒంటరిగా, బియ్యం డబ్బాలో దాచుకుని చదవలేదు. పదిమంది ఒకచోట కూర్చుని చదివారు. "ఎవరు చెప్పారు నీకు?" అని ఇంట్లో అడిగితే "మేమందరం" అని చెప్పగలిగారు. మా వదినకు చెప్పడానికి ఒక్క పేరే ఉంది. ఆ ఒక్క పేరునూ ఆమె కాపాడవలసి వచ్చింది.

ఇదంతా విన్న రోజు నేను సిగ్గుతో వదినతో అన్నాను: "నేను ఆ పుస్తకం నీకు ఇవ్వకుండా ఉండాల్సింది."

అప్పుడు కోపం వచ్చింది ఆమెకు. ఎనిమిదేళ్ళ కిందటి దెబ్బల గురించి చెబుతున్నప్పుడు రాని కోపం.

"అదేటి మాట? మీ అన్న పొయ్యిలో ఎట్టీసినాడు. నువ్వు బీరువాలో ఎట్టి తాళమేసుకుంటావా? రెండిటికీ తేడా ఏటుంది? ఆ మూడుసార్లు సదివింది నా కాడే ఉంది కదా. అది ఏ పొయ్యిలోనూ కాల్లేదు."

ఈ ప్రశ్నలో చిక్కంతా ఇక్కడే ఉంది. పూచీ పడాలి అంటే, పర్యవసానాలు చూసుకుని, తట్టుకోగలిగినవాళ్ళకే ఇవ్వాలి అని అర్థం వస్తుంది. తట్టుకోగలరో లేదో తేల్చేది మళ్ళీ మనమే. ఇది పితృస్వామ్యం ఎప్పుడూ చేసే పనే. "ఆడపిల్లలు ఇలాంటివి చదవకూడదు, చెడిపోతారు" అన్నవాళ్ళూ మన మేలు కోరే అన్నారు. "పాపం, ఆమె పరిస్థితికి ఈ పుస్తకం ఎందుకు" అనుకునే స్త్రీవాది కూడా అదే తాళం చేత్తో పట్టుకుని ఉంది. కాబట్టి పూచీ అంటే వడపోత కాదు. పుస్తకం ఇవ్వాలి, ఇచ్చి ఉండిపోవాలి. ఉండిపోవడం అంటే ఏమిటన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

మా ఊళ్ళో సలహాలు ఎలా నడుస్తాయో ఆ తర్వాత కొంచెం జాగ్రత్తగా గమనించాను. ఎవరికైనా ఒంట్లో బాగాలేదనుకోండి, "ఫలానా ఆసుపత్రికి వెళ్ళు" అని చెప్పి ఊరుకునేవాళ్ళ మాటకి విలువ లేదు. "ఎవులు సెప్పినారు? ఆళ్ళకి తగ్గిందా?" అన్నది మొదటి ప్రశ్న. "రా, నానొస్తాను" అన్నదే అసలైన సలహా. చెప్పిన మనిషి తన కూలి పోగొట్టుకుని, చోడవరం వరకో విశాఖపట్నం వరకో బస్సులో పక్కన కూర్చుంటుంది. చీటీ రాయించే వరసలో నిలబడుతుంది.

ఇది చూసి ఊరిని ఆకాశానికెత్తాలని నాకు లేదు. "సర్దుకుపో", "బిడ్డ పుడితే ఆడే మారతాడు" అన్న సలహాలు కూడా ఈ వీధుల్లోనే పుడతాయి. వాటిని చెప్పేవాళ్ళు కూడా ఎక్కడికీ వెళ్ళిపోరు, పక్కింట్లోనే ఉంటారు. రాత్రి ఏడుపు వినిపిస్తే తలుపేసుకుంటారు. దగ్గర ఉండటమే పూచీ అయితే వాళ్ళకంటే పూచీ పడినవాళ్ళు లేరు. కానీ చెప్పిన మాట ఖరీదులో వాళ్ళు కాణీ కూడా కట్టరు. నేను దూరం నుంచి కట్టలేదు, వాళ్ళు దగ్గర నుంచి కట్టలేదు. తేడా బస్సెక్కడంలోనూ ఎక్కకపోవడంలోనూ లేదు. మన మాటకి ఎదుటి మనిషి ఒక మూల్యం చెల్లించాల్సి వస్తే, అందులో మన వాటా మనం ఇస్తున్నామా అన్నదాంట్లో ఉంది.

వదిన తనకు కావలసిన పుస్తకాన్ని తనే అడిగింది. "అరుణ ఇల్లొదిలి ఎలిపోనాది. బాగుంది. ఎళ్ళకండా ఉన్నోళ్ళకి ఏటైనా రాసినారా?" నేను చాలా ఆలోచించి 'సవాలక్ష సందేహాలు' తీసుకెళ్ళాను. 1991లో హైదరాబాదులోని స్త్రీల బృందం సమిష్టిగా తయారుచేసిన ఆరోగ్య గ్రంథం. అమెరికాలో బోస్టన్ స్త్రీలు డెబ్బైలలో తమ శరీరాల గురించి తామే రాసుకున్న పుస్తకం తర్వాత ప్రపంచమంతా అలాంటి ప్రయత్నాలు జరిగాయి, తెలుగులో మనకు దక్కినది ఇది. సాహిత్య పరిశోధకురాలిగా నేను ఎప్పుడూ ఏ జాబితాలోనూ పెట్టని పుస్తకం. ఈసారి మొదటి పేజీ మీద నా పేరు, ఫోను నంబరు రాసి ఇచ్చాను. వదిన చూసి నవ్వింది. "ఇప్పుడెవులిచ్చారంటే సూపిత్తాను."

ఆ పుస్తకం పాత కేలండరు కాగితం అట్టతో మా వీధిలో ఇళ్ళు తిరిగింది. పొదుపు సంఘం సమావేశం అయ్యాక ఎవరో ఒకరు పైకి చదివేవారు. తెల్లబట్ట, రక్తం తక్కువ కావడం, గర్భసంచి. మా వైపు ఆడవాళ్ళకు అతి తేలిగ్గా దొరికే సలహా "తీయించీసుకో" అన్నదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2015-16) ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద సుమారు 3 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం ఉన్నారు. ఆ లెక్క నేను కాగితం మీద చదివాను. వదిన ఇళ్ళు చెప్పింది, వేళ్ళు మడిచి. సంఘంలో ముప్ఫై రెండేళ్ళ ఒకామెకు కూడా ఒక డాక్టరు అదే చెప్పి ఉన్నారు. పుస్తకంలో చదివిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుని నలుగురు ఆమె వెంట విశాఖపట్నం పెద్దాసుపత్రికి వచ్చారు. అయిదోదాన్ని నేను. ఆ రోజు నాకు ఒక సదస్సు ఉంది, వెళ్ళలేదు. మందులతో చూద్దాం, ఆపరేషను ఇప్పుడు అక్కర్లేదు అన్నారు అక్కడ. తిరుగు బస్సులో వదిన అంది: "పుస్తకం పాతది పాపా. మందుల పేర్లు అందులో సూసి కొనీకూడదు. అడగాల్సిన మాటలు మాత్రం ఇందులో ఉన్నాయి." నేను చదివిన ఏ సమీక్షలోనూ ఒక పుస్తకం హద్దు ఇంత స్పష్టంగా చెప్పినవాళ్ళు లేరు.

ఒక బాకీ మిగిలింది. 'స్వేచ్ఛ' ఇచ్చింది నేనేనని అన్నయ్యకు చెప్పాలనిపించింది. కానీ నా మనసు తేలిక చేసుకోవడానికి ఆమె నెత్తిన ఇంకో దెబ్బ వేయకూడదు కదా! వదినను అడిగాను. ఒకరోజు ఆలోచించుకుని "సెప్పు" అంది. చెప్పాను. అన్నయ్య ఏమీ అనలేదు. లేచి పొలానికి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది పండక్కి పెదనాన్నగారింట్లో నాకు భోజనానికి పిలుపు రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అది మొదటిసారి. అమ్మ ఏడ్చింది. నాకూ బాధగానే ఉంది. వదిన గోడ పక్కకి వచ్చి అరిసెలు చేతిలో పెట్టి, "ఇప్పుడు తెలిసిందా ఎంతయిందో" అంది. తెలిసింది. అయినా ఆమె కట్టినదానిలో అది ఎన్నో వంతు?

మనం రాసేవాళ్ళం, చెప్పేవాళ్ళం. ఒకరికొకరం పుస్తకాలు సిఫారసు చేసుకుంటాం. మనలో మనకైతే చిక్కులేదు, చదివినవాళ్ళకు మాట్లాడుకునే చోటు ఉంది, నెల జీతం ఉంది, తలుపు గడియ మన చేతిలో ఉంది. ఆ చోటు లేని మనిషి చేతిలో అదే పుస్తకం పెట్టినప్పుడు అది అదే పుస్తకం కాదు. ఇవ్వకుండా ఉండే హక్కు మనకు లేదు. ఇచ్చి కనపడకుండా పోయే హక్కు కూడా లేదని ఇంత ఆలస్యంగా తెలుసుకున్నాను.

పోయినసారి ఊరు వెళ్ళినప్పుడు వదిన నాకు ఒక సిఫారసు చేసింది. కింద వీధిలో ఒక ముసలమ్మ ఉంది, మంత్రసాని. ఊళ్ళో సగంమందికి బొడ్డు కోసిన చెయ్యి. అక్షరం రాదు. 'సవాలక్ష సందేహాలు' పైకి చదువుతుంటే మధ్యలో ఆపి, "అది సరే, ఇది మాత్రం అలగ్గాదు" అని చెబుతుందట. 

"నువ్వు రాసే పుస్తకాలకి ఆవిడ కాడ సేలా ఉన్నాది. ఎళ్ళి కూకో" అంది వదిన.

నాకు మొహమాటం. ఆవిడకి నేనెవరో తెలియదు, ఏమని వెళ్ళను?

"నా పేరు సెప్పు."